భుజం మీద చెయ్యి

ప్రత్తిపాడు
27 జనవరి 2025

మా ఇంటి పోలీసమ్మ అఖిలకి,

నాన్న కడుపు నిండా సంతోషంతో దీవించి రాస్తున్న ఉత్తరం. నువ్వు రాసిన కాగితాలు, యూనిఫాంలో నువ్వు దిగిన ఫొటో నిన్న పొద్దున ఫోన్లోకి వచ్చాయి. మీ అమ్మ ఫొటో చూసి, టోపీ పెట్టుకుంటే జడ ఎటు పోయిందని అడిగింది. నేను మాత్రం పొలానికి పోవడం కూడా మర్చిపోయి అరుగు మీదే కూర్చున్నాను. అక్కడికి చదువుకోవడానికి పోయిన పిల్లవి, గోడౌన్లో అట్టపెట్టెలు మోసిన పిల్లవి, ఆ దేశంలో పోలీసువయ్యావు. దొరల దేశంలో దొరల్నే పట్టుకునే ఉద్యోగం. ఎంతమంది తండ్రులకి దక్కుతుందమ్మా ఈ భాగ్యం?

నా చెవుల్ని పత్తి జిన్నింగు మిల్లు మోత ఎప్పుడో మింగేసింది. ఫోన్లో నీ గొంతు కందిరీగల రొదలా ఉంటుంది తప్ప మాట తెలియదు. అందుకే మనం ఇలా చేతిరాతతో రాసి ఫొటోలు తీసి పంపుకోవడం. ఒకందుకు ఇదే మంచిది. ఫోన్లో మాట నాకొక్కడికే, ఉత్తరమైతే పదిమందికి చదివి వినిపించవచ్చు.

వినిపించాను కూడా. సెంటర్లో నస్రత్ టీకొట్టు దగ్గర నిలబడి చదివాను. దుకాణంలో మాంసం ప్యాకెట్లు, పాలపొడి డబ్బాలు కోటు కింద దాచుకుని పోతున్నవాణ్ణి ఆపి, "ఆయన భుజం మీద చెయ్యి వేసి అరెస్టు చేశాను నాన్నా, ఇది నా మొదటి అరెస్టు" అని రాశావే, ఆ ముక్కని రెండుసార్లు చదివాను. బుల్లయ్య బాబాయి లేచి నిలబడి, అంటే మన పిల్ల చెయ్యి చేసుకుందన్నమాట అన్నాడు. నేను కాదనలేదు. పోలీసు దొంగ మీద చెయ్యి వేసిందంటే ఇంకేమిటి అర్థం? ఎన్ని తగిలించిందని పక్కవాడు అడిగితే, మా అమ్మాయి ఒకటి వేస్తే రెండోది అక్కర్లేదన్నాను. నస్రత్ ఆ పూట నా టీలో చక్కెర రెండింతలు వేసింది.

ఇప్పుడు అసలు సంగతి. సెంటర్లో ఫ్లెక్సీ కట్టాం. నీ ఫొటో నిలువెత్తున, పక్కన చిన్నగా నాది. కింద ఎర్ర అక్షరాల్లో "ఇంగ్లండులో దొంగను చితక్కొట్టిన ప్రత్తిపాడు ఆడపులి" అని. ఫొటో బుల్లయ్య ఎంచాడు, మాటలు మాత్రం నావే. బస్సు దిగిన ప్రతివాడూ తల ఎత్తి చదువుతున్నాడు.

మిరప మొదటి కోత కోస్తున్నాం. కాయ బాగుంది. చలికి చెవులకి గుడ్డ కట్టుకో.

నీ మీద గర్వంతో నేల మీద నిలవలేకపోతున్న
మీ నాన్న నాగభూషణం


3 ఫిబ్రవరి 2025

నాన్నా,

నేను కొట్టలేదు. ముందు ఈ ఒక్క మాట చదువు, తర్వాత మిగతాది.

చెయ్యి వేశాను అంటే చెయ్యి వేశాను, అంతే. ఎందుకు పట్టుకుంటున్నానో నోటితో చెప్పాను, చెబుతూ భుజం మీద చెయ్యి ఆనించాను. ఇక మీరు నాతో రావాలి అని తెలియజేయడం అది. మీరు మాట్లాడక్కర్లేదు, మౌనంగా ఉండవచ్చు అని కూడా నేనే చెప్పాలి. స్టేషనుకి తీసుకెళ్ళాక లోపల వేరే సార్జెంటు ఉంటాడు. ఈయన్ని ఎందుకు తెచ్చావు, తీసుకురాకుండా పని జరగదా అని ముందు నన్నే అడుగుతాడు. లాయరు కావాలంటే డబ్బు తీసుకోకుండా పిలిపిస్తారు, ఆ లాయరు వచ్చేదాకా నేను ప్రశ్న వేయకూడదు. ఏమైనా తిన్నావా అని కూడా అడుగుతారు. నా దగ్గర తుపాకీ లేదు. ఎవరి రెక్క పట్టి లాగినా సరే, ఎందుకు లాగానో ఆ రోజే రాసివ్వాలి.

మన దగ్గర పోలీసులకి కొట్టే అధికారం ఉందని నువ్వు అనుకుంటున్నావు. లేదు నాన్నా. మన చట్టంలో కూడా అరెస్టంటే మనిషిని తాకడమో కదలకుండా ఆపడమో, అంతవరకే. కొట్టమని ఎక్కడా రాసిలేదు. అక్కడ అడిగేవాళ్ళు తక్కువ, ఇక్కడ ఎక్కువ. తేడా ఎక్కువగా అక్కడే ఉంది.

ఆ ఫ్లెక్సీ ఈరోజే తీసేయించు. నవ్వులాటకి చెప్పడం లేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం తేలాల్సి ఉంది. అది తేలేదాకా నన్ను బయటికి పంపకుండా ఆఫీసులో కూర్చోబెట్టారు. వెచ్చగా ఉంది, పని తక్కువ. కంగారు పడవలసింది ఏమీ లేదు.

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

అఖిల


ప్రత్తిపాడు
9 ఫిబ్రవరి 2025

ఆఫీసరమ్మ అఖిలకి,

నీ ఉత్తరం చదివి మీ అమ్మ చేతిలో అట్లకాడ లాక్కుని మరీ చెప్పాను, నీ కూతుర్ని ఆఫీసులో కూర్చోబెట్టారే అని. చేరి ఎన్నాళ్ళయిందని? ఎండకీ వానకీ రోడ్డు మీద తిరిగేవాళ్ళని వదిలి నిన్ను కుర్చీలో కూర్చోబెట్టారంటే ఆ దొంగ సంగతి పైవాళ్ళ చెవిన పడే ఉంటుంది. నేను మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా నిలబడే పని చేశాను, నాకు తెలుసు కుర్చీ విలువ.

నువ్వు రాసిన రూల్సన్నీ జాగ్రత్తగా చదివాను. నాకు అర్థమైందిలే. అక్కడ మీ ఉత్తరాలు పైవాళ్ళు తెరిచి చూస్తారేమో, అందుకని కొట్టలేదు కొట్టలేదని అంత గట్టిగా రాశావు. తెలివైన పిల్లవి. నేను ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తను. దొంగకి అన్నం పెట్టి లాయర్ని పిలిచే సంగతి మాత్రం సెంటర్లో చెప్పాను. ఒకటే నవ్వులు. అయితే మేమూ ఆ దేశం పోయి దొంగతనాలు చేసుకుంటామని బుల్లయ్య అన్నాడు.

ఫ్లెక్సీ తీయమన్నావు. తీయిద్దామనే పోయాను. తీరా అక్కడికి పోయేసరికి మన ఎస్సై గారు బండి ఆపి చూస్తున్నారు. నన్ను పిలిచి చెయ్యి కలిపారు. జీవితంలో మొదటిసారి ఒక పోలీసు నా చెయ్యి పట్టుకుని నవ్వాడు. ఇక ఎలా తీయించను చెప్పు? తీయలేదు. పైన చిన్న కాగితం అంటించి "ప్రమోషన్ పొందిన శుభసందర్భంగా" అని కలిపించాను.

మీ అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నీ ప్రమోషన్ విని కొంచెం తగ్గాయట.

ఆనందంతో
నాన్న


24 ఫిబ్రవరి 2025

నాన్నా,

ఇది ప్రమోషన్ కాదు. నిన్ను కంగారు పెట్టకూడదని దాచాను, అదే తప్పయింది. ఉన్నదంతా చెబుతాను, ఒకటికి రెండుసార్లు చదువు.

నేను అరెస్టు చేసిన ఆయన నా మీద ఫిర్యాదు చేశాడు. నేను చెయ్యి వెనక్కి విరిచి గోడకేసి కొట్టానని, భుజం కీలు దెబ్బతిన్నదని. అలాంటి ఫిర్యాదు వస్తే విచారణ అయ్యేదాకా రోడ్డు మీదికి పంపరు. మా ఛాతీ మీద కెమెరా ఉంటుంది, ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు దాని మీట నొక్కాలి. ఆ రోజు తొందరలో నేను నొక్కలేదు. అది నా తప్పే. ఆయన్ని ఆపిన సందులో వేరే కెమెరా లేదు, చూసినవాళ్ళూ లేరు, కాబట్టి ఆయన మాట, నా మాట తప్ప ఇంకేమీ లేదు. నా వాంగ్మూలంలో, భుజం మీద చెయ్యి వేశాను, అంతకు మించి బలం వాడలేదు అని రాసిచ్చాను.

ఇంతలో నీ ఫ్లెక్సీ ఫొటో ఎవరో తీసి, ఇక్కడి మన జిల్లావాళ్ళ గ్రూపులో పెట్టారు. అది చేతులు మారి ఆయన లాయరు దగ్గరికి చేరింది. "చితక్కొట్టిన" అనే మాటని ఇంగ్లీషులోకి మార్పించి, మొన్న విచారణాధికారి నా ముందు పెట్టాడు. మీరు మీ కుటుంబానికి చెప్పుకున్నది ఇదేనా అని అడిగాడు. పైన మళ్ళీ ప్రమోషన్ అని ఒకటి.

నాకు ఇంకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఇది నిజమని తేలితే ఇంటికి పంపించేస్తారు. ఆ తర్వాత ఈ దేశంలో ఏ పోలీసు ఉద్యోగానికీ నన్ను తీసుకోరు.

విచారణవాళ్ళు నీకు తెలుగులో ప్రశ్నలు రాసి పంపుతారు. నువ్వు జవాబిచ్చేదాకా ఈ విషయం మీద నేను నీతో మాట్లాడకూడదు, నువ్వూ నాకు రాయకూడదు. ఏం చెప్పాలో నేను చెప్పకూడదు. చెప్పను కూడా.

అఖిల


ప్రత్తిపాడు
5 మార్చి 2025

అమ్మా అఖిలా,

ఆ విషయం రాయద్దన్నావు. రాయను. మిరప సంగతి రాస్తాను.

రెండో కోత కల్లంలో ఎండుతోంది. నిన్న మబ్బు పట్టింది. కాయ తడిస్తే రంగు పోతుందని, పట్టాలు కప్పడం, తీయడం, మళ్ళీ కప్పడం. మీ అమ్మ మూడు రోజుల నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పిల్ల తీయమన్న రోజున తీసి ఉంటే అంటుంది, అక్కడితో ఆపేస్తుంది. ఫ్లెక్సీ తీసేశాం. బుల్లయ్య కత్తితో కోస్తుంటే నేను అటు చూడలేదు. ఇది ఆ విషయం కిందకి వస్తుందో రాదో నాకు తెలియదు.

ప్రశ్నలు వచ్చాయి. అవి ఏమిటో రాయను.

ఎస్సై గారి దగ్గరికి పోయాను, మీ పైవాళ్ళకి ఒక మాట చెప్పిస్తారేమోనని. ఆయన నవ్వి, అది మన స్టేషను కాదు నాగభూషణం గారూ, అక్కడ మన మాట చెల్లదు అన్నారు. ఒక పోలీసు మాట ఇంకో పోలీసు దగ్గర చెల్లదంటే వినడం ఇదే మొదలు.

తల్లీ, నువ్వేం బెంగ పెట్టుకోకు. నేనున్నాను. బుల్లయ్య ఒక ఉపాయం చెప్పాడు. నువ్వసలు ఆ మనిషిని తాకనే లేదు, దూరం నుంచే పిలిచావు, నాకు రాసిన ఉత్తరంలోనూ అదే ఉంది అని రాసిస్తే ఇక కొట్టడమన్న ప్రశ్నే రాదు కదా

రాయకూడదన్నావు. ఇక్కడితో ఆపుతున్నాను.

నాన్న


7 మార్చి 2025

నాన్నా,

నీ ఉత్తరంలో ఎస్సై గారి పేరు రాగానే చదవడం ఆపేశాను. మిగతాది ఏముందో నాకు తెలియదు. ఇది వచ్చిందని విచారణాధికారికి చెప్పి, ఆ ఉత్తరం ఫొటో ఆయనకి అప్పగించాను. దాచడానికి నాకు వీల్లేదు.

మబ్బు విడిచిందా?

అఖిల


ప్రత్తిపాడు
19 మార్చి 2025

అఖిలకి,

నా జవాబులు పంపేశాను. అందాయని, ఇక నీకు రాసుకోవచ్చని వాళ్ళ దగ్గర్నుంచి కబురు వచ్చాకే ఇది మొదలుపెట్టాను.

నాన్న ఉత్తరాన్ని పోలీసులకి అప్పగించావన్నది చదివిన రోజున నాకు అన్నం దిగలేదు. కన్న కూతురు తండ్రి రాసిన కాగితాన్ని తీసుకెళ్ళి స్టేషన్లో ఇచ్చింది. ఇది ఎవరికి చెప్పుకోను? బుల్లయ్యకి కూడా చెప్పలేదు. నీ మీద కోపం, ఆ దొంగ మీద అంతకంటే కోపం. వాడు దొంగతనం చేశాడు, వాడికి లాయరు, వాడికి ఫిర్యాదు. నా బిడ్డకి మాత్రం బోను.

ఇదే మాట కల్లంలో పైకి అనుకుంటూ కాయ తిరగేస్తున్నాను. పక్కన యలమంద ఉన్నాడు. నీకు గుర్తుండకపోవచ్చు, బస్తాలు మోసిన హమాలీ, ఈ ఏడు మన కల్లంలో పనికి వస్తున్నాడు. రెండేళ్ళ కిందట ఎక్కడో పనికి పోయిన ఊళ్ళో బస్తా ఒకటి కనపడలేదని స్టేషన్లో పెట్టారు. తర్వాత ఆ బస్తా పక్క వరసలోనే దొరికింది. అప్పట్నుంచి అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే ఆ ఫ్లెక్సీ కట్టించాను, తెలిసే యలమంద చేతనే దాని ఒక కొస పట్టించాను.

నా తిట్లు విని అతను పార ఆపాడు. నా చెవులకి అందేలా దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఆ దేశంలో పోలీసు మీద దొంగోడు ఫిర్యాదు చేస్తే తీసుకుంటారా బాబాయ్?"

"తీసుకోబట్టే కదరా మా పిల్ల మీదికొచ్చింది."

"ఫిర్యాదు చేసినందుకు ఆణ్ణి మళ్ళీ లోపలెయ్యలా?"

"లేదు."

అతను పార తీసుకుని మళ్ళీ ఆనించి పెట్టాడు.

"నన్ను మాట్టాడనియ్యలా బాబాయ్. బయటికొచ్చాక ఎవురికి చెప్పుకోవాలో తెలవలా. ఆ దొంగోడికి తెలిసిందంటే, ఆణ్ణి పట్టుకున్నోళ్ళే చెప్పుంటారు."

అంతే అన్నాడు. నా కూతుర్ని ఒక్క మాట కూడా అనలేదు. నేను మాత్రం ఆ రాత్రికి బుల్లయ్య ఉపాయాన్ని చింపేశాను. అప్పటికి దాన్ని శుభ్రమైన అక్షరాలతో రాసి ఉంచాను కూడా.

నేను వాళ్ళకి రాసింది చెబుతాను. చెయ్యి వేయడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు, మా భాషలో చిన్నపిల్లలకి కూడా ఆ తేడా తెలుసు. మొదటిది నా కూతురి మాట, రెండోది మేము కలిపింది అని రాశాను. ఎందుకు మార్చారని అడిగారు. కొట్టని పోలీసుని మా సెంటర్లో ఎవరూ పోలీసుగా లెక్కపెట్టరు, నా కూతుర్ని అందరూ లెక్కపెట్టాలని మార్చానని రాశాను. నీకు రాసిన ఉత్తరంలోని ఉపాయం గురించి కొత్తగా ఇంకో ప్రశ్న పంపారు. నా కూతుర్ని కాపాడుకోవడానికి అబద్ధం రాద్దామనుకున్నాను, ఆ అబద్ధం ఆమె అడగలేదు, ఆమెకి తెలియదు అని రాశాను.

చివర్న, ఆ రోజు ఆమె ఏం చేసిందో మీకు తెలుసా అని ఉంది. దాని దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. మా అమ్మాయి చీమకి కూడా హాని చెయ్యదు అని రాయాలని చెయ్యి లాగింది. కానీ నేను అక్కడ లేను కదా. ఆమె ఏం రాసిందో తెలుసు, ఏం చేసిందో నాకు తెలియదు అని రాశాను. రాసి, సంతకం పెట్టి, మీ అమ్మకి చదివి వినిపించాను. కన్నతండ్రివి ఆమాత్రం నమ్మకంగా చెప్పలేకపోయావా అంది. నువ్వు ఏమంటావో నాకు తెలియదు. ఆ ఒక్క వాక్యం వల్ల నీ ఉద్యోగం పోతే, నన్ను నాన్నా అని పిలుస్తావో లేదో కూడా తెలియదు.

మబ్బు విడిచింది. కాయ తడవలేదు.

నాన్న


30 ఏప్రిల్ 2025

నాన్నా, నాన్నా, నాన్నా,

నువ్వు అనుమానపడ్డావు కాబట్టి మూడుసార్లు పిలిచాను.

ఈరోజు తేలింది. నేను కొట్టినట్టు రుజువు కాలేదు. డాక్టరు కాగితాల్లో కూడా ఆ దెబ్బ ఆ రోజుదేనని తేలలేదు. కెమెరా మీట నొక్కనందుకు తప్పు నా మీద రాశారు, ప్రొబేషన్ ఇంకొంత పొడిగించారు. అది న్యాయమే. సోమవారం నుంచి మళ్ళీ రోడ్డు మీదికి.

నీ జవాబుల్ని ఇంగ్లీషులోకి మార్చినవాళ్ళు చెయ్యి వేయడం, చెయ్యి చేసుకోవడం రెండింటినీ తెలుగులోనే ఉంచి, పక్కన అర్థాలు రాశారు. విచారణాధికారి "ఏం చేసిందో నాకు తెలియదు" అన్న నీ వాక్యాన్ని పైకి చదివాడు. చదివి, ఈ మనిషి తెలియనిది తెలియదన్నాడు కాబట్టి తెలుసన్నదాన్ని నేను నమ్ముతున్నాను అన్నాడు. ఫ్లెక్సీ మీది మాటల్ని పక్కన పెట్టేశారు. నీ ఉత్తరం అప్పగించిన రోజున నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. అమ్మకి చెప్పకు.

ఫిర్యాదు చేసిన ఆయనకి కూడా ఉత్తరం రాశారు. ఏమేం చూశారో, ఎందుకు రుజువు కాలేదనుకున్నారో వివరంగా. ఇది నచ్చకపోతే పైన ఎవరికి చెప్పుకోవాలో కూడా అందులో ఉంటుంది. ఆయన మళ్ళీ అడగవచ్చు. అడిగితే నేను మళ్ళీ జవాబు చెప్పాలి. ఆయన భుజం నిజంగానే నొప్పి పెడుతోంది నాన్నా. నా వల్ల కాదనే నేను నమ్ముతున్నాను.

యలమంద గురించి రాసింది చదివాక, మన దగ్గర ఎవరికి ఫిర్యాదు చేయవచ్చో వెతికాను. చోట్లు ఉన్నాయి. అడ్రసులు వేరే కాగితంలో రాసి పెట్టాను. రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు తీసుకుంటారో లేదో నాకు తెలియదు. అదీ చెప్పు.

అఖిల


ప్రత్తిపాడు
4 మే 2025

నా బంగారు తల్లి అఖిలకి,

నీ ఉత్తరం చూడగానే మీ అమ్మని వంటింట్లోంచి చెయ్యి పట్టి లాక్కొచ్చాను. మోకాళ్ళు మోకాళ్ళు అని అరిచినా వినలేదు. ఇద్దరం కూర్చుని చదివి, ఇద్దరం ఏడిచి, మళ్ళీ చదివాం. ఈ మధ్య నాతో పొడిపొడిగా మాట్లాడుతున్న మనిషి, కందిపచ్చడి చేసి మరీ అన్నం పెట్టింది. నాకు ఇంకేం కావాలమ్మా? నా బిడ్డ నిలబడింది, నాన్నా అని మూడుసార్లు పిలిచింది. ఎగిరి గంతేద్దామంటే వయసు అడ్డొచ్చింది, లేకపోతే వేసేవాణ్ణే.

సెంటర్లో చెప్పాను. కొట్టలేదని తేలింది, ఉద్యోగం నిలిచిందని. కొంతమంది ముఖాలు చిన్నబోయాయి. అసలు ఒక్కటి కూడా తగిలించలేదా అని ఒకడు రెట్టించి అడిగాడు. ఒక్కటి కూడా లేదన్నాను. నస్రత్ మాత్రం, మరి ఇప్పుడు కట్టుకోండి ఫ్లెక్సీ అంది. బుల్లయ్య తల దించుకుని టీ తాగాడు.

యలమంద ఇంటికి నేనే పోయాను. నువ్వు రాసిన అడ్రసుల కాగితం ఇచ్చాను, తీసుకుంటారో లేదో తెలియదని కూడా చెప్పాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫిర్యాదు పెడతాడో లేదో అతని ఇష్టం, నేను అడగలేదు. తర్వాత నీ ఉత్తరంలో ఆ దొంగ గురించి రాసిన ముక్క చదివి వినిపించాను. పోలీసులు అతనికి ఉత్తరం రాశారు, ఎందుకు కుదరలేదో చెప్పారు అన్న దగ్గర ఆపమన్నాడు.

"ఉత్తరమా? దొంగోడికా?"

అవునన్నాను. అతను ఎడంచేత్తో కుడిభుజం పట్టుకుని, ఆ ఉత్తరం ఎంత పొడుగుంటుంది బాబాయ్, ఒక పేజీయా, రెండు పేజీలా అని అడిగాడు.

నాకు తెలియదన్నాను. మా అమ్మాయిని అడిగి చెబుతానన్నాను.

తెలిస్తే రాయి తల్లీ. అతను ఎదురుచూస్తుంటాడు.

నాన్న